కల్లోలంలో తెగిన గీత

ఆ వారం ఎంపిక డ్యూటీ గీత మాస్టారిది. ఏ ముక్క బతకాలో, ఏ ముక్క చావాలో చెప్పడమే ఆ డ్యూటీ.

భూమి చుట్టూ నాలుగు ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. మూడు కింద, ఒకటి పైన అన్నట్టు గుంపు కట్టి, ఒకదాన్నొకటి విడవకుండా తిరుగుతాయి. సూర్యుడి నుంచి వచ్చే ప్లాస్మా గాలి భూమి అయస్కాంతానికి కొట్టుకునే చోట అవి దేన్నీ వదలకుండా రాసుకుంటూ పోతాయి. ఎంత వివరంగా, ఎంత సన్నగా రాస్తాయంటే, అదంతా కిందికి పంపే దారి లేదు. అందుకని ముందు ఒక ముతక నకలు పంపుతాయి. ఇక్కడ ఒక మనిషి కూర్చుని దాన్ని చూసి, ఆ రాతలో ఫలానా ముక్క సన్నంగా కావాలి, ఫలానాది అక్కర్లేదు అని మార్కులు వేస్తాడు. ఎక్కువ మార్కులవి దిగుతాయి. తక్కువ మార్కులవాటి మీద కొత్తవి రాసుకుపోతాయి. పోయింది మళ్ళీ రాదు. కమిటీ లేదు, అప్పీలు లేదు. ఎవరి వారం అయితే వాళ్ళ మాటే చెల్లుతుంది.

గీత మాస్టారు అన్న పేరు ఆఫీసు పెట్టింది. కొత్తవాళ్ళు ఎవరు చేరినా అతను బోర్డు దగ్గరికి తీసుకుపోయి ఒక గీత గీసేవాడు. దానికి పైకి బాణం. పక్కన ఇంకో గీత. దానికి కిందికి బాణం. "ఇవి అయస్కాంత రేఖలు. ఎదురెదురు దిక్కులవి. వీటిని బాగా దగ్గరికి నొక్కితే తెగుతాయి. తెగి, దీని ముక్క దానికీ, దాని ముక్క దీనికీ అతుక్కుంటుంది. అతుక్కున్నాక లాగి వదిలిన ఉండేలు రబ్బరులా మధ్యలో ఉన్న ప్లాస్మాని రెండు వైపులకీ విసిరేస్తాయి. ఆ విసురు పేరు జెట్. జెట్ కనిపిస్తే తెగినట్టు. లేకపోతే లేదు. దీన్నే రీకనెక్షన్ అంటారు. ఇంతే." కుర్రాళ్ళలో ఎవడైనా, "మరి కల్లోలం సంగతేంటి సార్?" అంటే చాక్‌పీసు కింద పెట్టి వెళ్ళిపోయేవాడు.

కల్లోలం అంటే అతనికి గిట్టదు. గాలి భూమి అయస్కాంతానికి గుద్దుకున్నాక ప్లాస్మా సుడులు తిరుగుతుంది. పెద్ద సుడి విరిగి చిన్న సుడులు, అవి విరిగి ఇంకా చిన్నవి. అక్కడ గీతలు గీతల్లా ఉండవు, దువ్వని జుట్టులా ఉంటాయి. అదంతా పెద్ద రీకనెక్షన్ల జెట్లు లేపిన దుమ్మేనని అతని వాదన. దుమ్ములో వెతకడానికి ఏముంటుంది?

కాదు, ఆ సుడుల మధ్య నలిగి రేఖలు అడుగడుగునా తెగుతుంటాయి, కల్లోలం చివరికి చల్లారేది ఆ చిన్న చిన్న తెగడాల్లోనే అని వాదించేవాడు ఒకడు అదే ఆఫీసులో, అదే అంతస్తులో ఉన్నాడు. అతనికి ఆఫీసు పెట్టిన పేరు సుడిగాలి. గీత మాస్టారికి బావమరిది. పోయిన భార్యకు తమ్ముడు.

ఆమె ఉన్నన్నాళ్ళూ వాదన భోజనాల బల్ల దాకా వచ్చేది. "కంచాల ముందు ఆకాశం వద్దు," అని ఆమె గరిటెతో బల్ల మీద కొట్టేది. ఇద్దరూ నోరు మూసుకుని తినేవాళ్ళు. ఇప్పుడు ఆ బల్ల మీద గీత మాస్టారు తినడం లేదు. వంటగదిలో నిలబడే తింటాడు. కూర్చుంటే కాళ్ళు ఊరుకోవు. లేచి ముందు గదిలోకి, అక్కణ్ణుంచి పడగ్గదిలోకి, మళ్ళీ వంటగదిలోకి. ఇల్లంతా తిరిగి వచ్చేసరికి తినడానికేమీ మిగలదు, చల్లారింది తప్ప. అందుకని తెల్లారగానే ఆఫీసుకు వచ్చేస్తాడు. అక్కడ కనీసం కోపం తెచ్చుకోవడానికి కారణాలుంటాయి.

ఆ రోజు పొద్దున్నే గాలి ఎక్కువగా ఉంది. గది కిటికీ రెక్క ఒకటి బిగుసుకోదు, కొట్టుకుంటూనే ఉంటుంది. అతను కాగితం మడిచి ఇరికించాడు. ఊడింది. ఇంకో కాగితం మడుస్తుంటే మేనకోడలు వచ్చింది.

మేనకోడలు అంటే సుడిగాలి కూతురు. ఈ ఆఫీసులోనే కంప్యూటర్లో కల్లోలం పుట్టించి అది ఏం చేస్తుందో చూసే ఉద్యోగం.

"మామయ్యా, లోపలికి రానా?"

"తలుపు తీసే ఉంది. నీకు కొత్త కళ్ళద్దాలు కూడా వచ్చాయి."

"తిన్నావా?"

"పోలీసు ప్రశ్నలు తర్వాత. పనేమిటి?"

ఆమె కూర్చోలేదు. అతను కూర్చోమనలేదు. "నిన్న పొద్దుటి ముక్కకి అట్టడుగు మార్కు వేశావ్. గుద్దుకున్న చోటు దాటాక వచ్చే కల్లోలం ముక్క."

"చెత్తకి చెత్త మార్కే."

"కారణం గడిలో కూడా అదే రాశావ్. చెత్త అని. గోడ మీద పెద్ద స్క్రీన్‌లో అందరికీ కనిపిస్తోంది."

"కనిపించడానికే రాశాను."

"మామయ్యా, సూర్యుడి తుఫాను ఒకటి వస్తోంది. దానికి చోటు కావాలి. సాయంత్రం ఆంటెనా కలవగానే అట్టడుగు మార్కువన్నీ తుడిచేస్తారు. అది పోతుంది."

"పోనీ. ఇంకోటి వస్తుంది. కల్లోలానికి కరువేమీ లేదు అక్కడ."

"కల్లోలానికి లేదు. కానీ నాలుగు ఉపగ్రహాలూ ఇంత దగ్గరగా ఎప్పుడూ లేవు. వచ్చే వారం నుంచి వాటిని దూరం జరుపుతారు. అంత సన్నటి పొరని నాలుగూ కలిసి దాటడం మళ్ళీ ఉండదు. నా లెక్కలో అచ్చం అలాంటి చోటే తెగుతోంది. ఆకాశంలో కూడా తెగుతుందో లేదో చూడకపోతే నాది లెక్క కాదు, బొమ్మ."

"జెట్ ఏది?"

"ఇదిగో, మొదలైంది."

"జెట్ చూపించు. జెట్ లేనిదే తెగలేదు. నీకు పళ్ళూడే వయసులోనే చెప్పాను."

"చెప్పావు. ఉండేలు కూడా చేసిచ్చావు. పక్కింటి అద్దం పగిలితే అత్త చేత నన్ను తిట్టించావు." ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. "మామయ్యా, నువ్వు చూసేది అయాన్ల జెట్. అయాను లారీ లాంటిది. బరువు. తిరగాలంటే బోలెడంత రోడ్డు కావాలి. ఈ పొర సందు. సందులో లారీ తిరగదు. సైకిలు తిరుగుతుందిగా? ఎలక్ట్రాన్లు సైకిళ్ళు. తెగినప్పుడు అవే విసిరేయబడతాయి, అయాన్లకి సంగతే తెలీదు. ముతక నకల్లో ఎలక్ట్రాన్ల విసురు కనిపించదు. సన్నంగా దింపితేనే తెలుస్తుంది."

"మీ నాన్న పంపించాడా?"

ఆమె మొహం మారింది. "నాన్న పంపిస్తే నేను వస్తానా? నేను వచ్చానని తెలిస్తే నాతో కూడా మాట మానేస్తాడు. మన ఇంట్లో మాట్లాడని జంటలు ఇప్పటికే ఎక్కువయ్యాయి."

"అయితే వెళ్ళు. నాకు పని ఉంది."

"నీకు పని లేదు. కిటికీకి కాగితం పెడుతున్నావు." అని వెళ్ళిపోయింది.

అతను కాగితం ఇరికించాడు. ఊడింది. వరండాలోకి వెళ్ళాడు. వరండా అవతలి చివర బావమరిది చేతిలో కప్పుతో వస్తున్నాడు. ఇతన్ని చూసి, ఏదో మర్చిపోయినవాడిలా జేబు తడుముకుని వెనక్కి తిరిగాడు. రెండేళ్ళ నుంచి ఆ వరండాలో ఇదే తంతు. ఒకసారి ఒకరు జేబు తడుముకుంటారు, ఒకసారి ఇంకొకరు.

భార్య మంచాన పడినప్పుడు బావమరిది వేరే ఊళ్ళో ఒక పెద్ద కంప్యూటరు ముందు ఉన్నాడు. అతని లెక్క దాని మీద నడుస్తోంది. మధ్యలో వదిలేస్తే వంతు మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఫోన్ చేస్తే, "డాక్టరు ఏమన్నాడు బావా?" అని అడిగాడు. డాక్టరు ఇంకా టైముందన్నాడు. "అయితే ఈ లెక్క అవగానే బయల్దేరతా." ఆమె తలుపు వైపు తిరిగి పడుకునేది. ఎవరి చెప్పుల చప్పుడైనా వినిపిస్తే, "వాడేనా?" అనేది. లెక్క అయింది. అతను వచ్చాడు. అప్పటికి మంచం ఖాళీ చేసి, దుప్పట్లు తీసి మూట కడుతున్నారు. వచ్చినవాడు గుమ్మంలోనే నిలబడి, "డాక్టరు టైముందన్నాడు కదా బావా," అన్నాడు. ఏడుస్తూనే అన్నాడు. ఏడిస్తే మాత్రం ఏం? అంతే. ఆ రోజు నుంచి మాట లేదు.

అతను గదిలోకి తిరిగొచ్చి ఆ ముక్క తెరిచాడు. మేనకోడలి నోరు మూయించడానికే తెరిచాడు. జెట్ లేదని మరోసారి చూసి, చూసినట్టు ఆమెకి రాసి పంపుదామని.

అయాన్ల గీత చూశాడు. చప్పగా ఉంది. జెట్ లేదు. అయస్కాంతం గీత చూశాడు. మామూలు గందరగోళం. మధ్యలో ఒక్క చోట ముల్లులా నిటారుగా ఒక చుక్క పైకి లేచి దిగింది. నిన్న కూడా చూశాడు దాన్ని. అలాంటి ముళ్ళు చాలా వస్తాయి. పరికరం తుమ్మితే వస్తాయి.

ఎంపిక చేసేవాళ్ళందరికీ ఒక అలవాటు ఉంది. నాలుగు ఉపగ్రహాల బొమ్మలూ వస్తాయి, చూసేది మాత్రం మొదటిదాన్నే. నాలుగూ ఒకే చోట ఉన్నప్పుడు నాలుగూ ఎందుకు తెరవడం? మొదటిదాంట్లో సరుకుంటే మిగతావి చూస్తారు. లేకపోతే మార్కు వేసి పక్కకి తోస్తారు. రోజుకి అన్ని ముక్కలొస్తే అలా కాక ఇంకెలా? ఈ అలవాటు కొత్తవాళ్ళకి నేర్పింది కూడా అతనే.

కిటికీ రెక్క కొట్టుకుంది. చిరాకుగా రెండోదాని బొమ్మ తెరిచాడు. ముల్లు ఉంది.

మూడోది తెరిచాడు. ఉంది.

నాలుగోది. ఉంది. నాలుగింటిలోనూ ఉంది, కానీ ఒకే క్షణాన కాదు. ఒకదాని తర్వాత ఒకటి, రెప్పపాటు తేడాతో. నాలుగు ఉపగ్రహాలు వరస పెట్టి తుమ్మవు. అక్కడ ఏదో ఉంది. అది కదిలి, ఒక్కొక్కదాని మీదుగా దాటిపోయింది.

అతను లేచాడు. కూర్చున్నాడు. నాలుగు చోట్ల అయస్కాంతం ఎంతో తెలిస్తే వాటి మధ్య కరెంటు ఎంత పారుతోందో లెక్క కట్టొచ్చు. ఆ లెక్కలో ఒక మెలిక అతను వయసులో ఉండగా కనిపెట్టిందే. పుస్తకాలకెక్కింది. ఆ లెక్క వేశాడు. జవాబు చూసి మళ్ళీ వేశాడు. అయాను ఒక్క చుట్టు తిరగడానికి కూడా చాలనంత సన్నటి పొరలో కరెంటు విరగబడి పారుతోంది. అయాన్లు కదల్లేదు. మరి ఆ కరెంటు మోసుకుపోతున్నది ఎవరు?

సైకిళ్ళు.

ఒళ్ళు మండింది. తప్పు పట్టింది వేరే ఎవరి లెక్కో అయితే దులిపేసుకునేవాడు. ఇది తన లెక్క. తన చేత్తో తీర్చిన కత్తి తిరిగి తన మెడ మీదికే వచ్చింది.

అయినా తేలిందేమీ లేదు. అక్కడ రేఖలు తెగి ఉండొచ్చు. తెగకుండా ఊరికే నలిగి ఉండొచ్చు. సన్నటి నకలు చూస్తేనే తెలుస్తుంది. చూడాలంటే మార్కు మార్చాలి. మార్కు మారిస్తే కారణం రాయాలి. కారణం రాస్తే గోడ మీద పెద్ద స్క్రీన్‌లో పడుతుంది. గీత మాస్టారు కల్లోలంలో రీకనెక్షన్ వెతుకుతున్నాడు అని ఆఫీసంతా నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. ఆ నవ్వే మొహాల్లో ఒక మొహం ఉంటుంది. అదీ మింగుడుపడనిది.

వరండాలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. చివరికి కంట్రోల్ రూమ్ వైపు నడిచాడు. చోటు ఎంత ఉందో ముందు కనుక్కుందాం, మార్చడం సంగతి తర్వాత చూద్దాం అనుకున్నాడు.

కంట్రోల్ రూమ్‌లో ఉపగ్రహాలకి ఆజ్ఞలు పంపేది ఒకావిడ. ఆమెని ఆఫీసంతా పిన్నిగారూ అంటుంది, ఆమె కంటే పెద్దవాళ్ళు కూడా. అద్దాల తలుపు సగం తెరిచి ఉంది. లోపల బావమరిది గొంతు.

"ఒక్క మార్కు మార్చండి పిన్నిగారూ. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుస్తుంది కదండీ."

"ఆయన మార్చడు. నా మీది కోపం ఆ ముక్క మీద చూపిస్తాడు. ఆయన సంగతి నాకు తెలుసు. ఏళ్ళ తరబడి ఆయన ఇంట్లో తిన్నాను."

"తిన్న ఇంటికి వెళ్ళి అడగండి మరి."

"ఆ తలుపు మూసేశాడండీ."

"తట్టారా?"

లోపల కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడు.

"చూడండి, ఎంపిక వాళ్ళ మాట లేకుండా నేను ఒక్క మీట ముట్టను. నిన్న డైరెక్టరుగారు అడిగినా ఇదే చెప్పాను. మీ కుటుంబం సినిమాకి ఇంటర్వెల్ ఎప్పుడో చెబితే ఆఫీసంతా టీ తెప్పించుకుంటుంది. అంతే నేను చేయగలిగింది."

అతను తలుపు దగ్గర్నుంచి వెనక్కి తిరిగాడు. మెట్లు దిగాడు. గేటు దాటి రోడ్డు మీద పడ్డాడు.

దొంగదారిన వచ్చాడన్నమాట. నా వెనక, పిన్నిగారి కాళ్ళావేళ్ళా పడి. చావనీ ఆ ముక్క. ఎవడేమంటాడు? జెట్ లేదు. రూలు అదే. మొదటి ఉపగ్రహం బొమ్మలో సరుకు లేదు. ఎంపిక చేసేవాడు ఎవడైనా అదే మార్కు వేస్తాడు. నాలుగూ తెరిచి చూసిన సంగతి ఎవరికీ తెలియదు. రేపు అడిగితే ఒకటే మాట. అందులో ఏమీ కనిపించలేదు.

గాలి రోడ్డంతా ఊడుస్తోంది. కాగితపు కప్పులు దొర్లుకుంటూ పోతున్నాయి. బట్టల కొట్టువాడు బయట వేలాడదీసినవన్నీ లోపలికి లాక్కుంటున్నాడు. ఒక చొక్కా గాలికి చేతులు చాపి అతని మొహం మీదికి వచ్చింది, తోసేశాడు. బస్టాపు దాటాడు. ఎక్కడికి వెళ్తున్నాడో అతనికే తెలియదు. ఆ ముక్క పోవడం, పోయాక బావమరిది మొహం, ఆ మొహం చూస్తూ తను చెప్పే మాట, ఇవన్నీ ఒక్కొక్కటే నోట్లో చప్పరిస్తూ నడిచాడు. బాగుంది. చాలా రోజుల తర్వాత ఏదో ఒకటి బాగుంది. చెప్పబోయే మాట కూడా సిద్ధమైంది. "రూలు ప్రకారమే చేశాను. మొదటి బొమ్మలో ఏమీ లేదు కదా."

పంక్చర్ల షాపు ముందు ఆగిపోయాడు.

ఆ మాట ఎక్కడో విన్నాడు. మాట వేరు, గొంతు అదే. డాక్టరు టైముందన్నాడు కదా బావా.

ఆ రోజు బావమరిది చేసింది కూడా రూలు ప్రకారమే. ఒక్క డాక్టరు చెప్పిన ఒక్క మాట విన్నాడు. దాని మీద మార్కు వేశాడు. లెక్కకి పై మార్కు, అక్కకి అడుగు మార్కు. ఎవడేమంటాడు? ఎవడూ ఏమీ అనలేదు కూడా. ఊళ్ళో చుట్టాలందరూ, పాపం వాడికేం తెలుసు, అన్నారు. పోయింది మళ్ళీ రాలేదు.

పంక్చర్లు వేసేవాడు ట్యూబుని నీళ్ళలో ముంచి తిప్పుతూ తలెత్తి, "ఏం కావాలి సార్?" అన్నాడు.

"ఏం వద్దు."

బావమరిది చేసిన పని నేను చెయ్యను అనుకున్నాడు. వాడి మీద జాలితో కాదు. మేనకోడలి కోసం కూడా కాదు. వాడు ఒక్కడే అలాంటివాడుగా ఉండాలి. నేను కూడా అదే చేస్తే, రేపట్నుంచి వాడిని తిట్టుకోవడానికి నాకు నోరుండదు.

వెనక్కి తిరిగి పెద్ద పెద్ద అంగలు వేశాడు. గాలి ఎదురొచ్చింది. ఆఫీసు లిఫ్టు ఎప్పట్లాగే పైన ఎక్కడో ఆగి ఉంది. మెట్లెక్కాడు. మోకాలు పట్టేసింది. రెయిలింగ్ పట్టుకుని ఒంటికాలి మీద ఎక్కినంత పని చేశాడు. కంట్రోల్ రూమ్ తలుపు తోసేసరికి రొప్పుతున్నాడు.

పిన్నిగారు, ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు, ఒక మూల మేనకోడలు ఉన్నారు. బావమరిది గోడకి ఆనుకుని ఉన్నాడు. ఇతన్ని చూసి జేబు తడుముకోబోయి, అక్కడ పారిపోయే దారి లేక ఆగాడు.

"పిన్నిగారూ, ఆగండి."

"ఆగడానికి నేనెవర్నండీ, ఆంటెనా ఆగాలి. పట్టిక మూసేస్తున్నాను. త్వరగా చెప్పండి."

"నిన్న పొద్దుటి కల్లోలం ముక్కకి పై మార్కు."

పిన్నిగారు కళ్ళజోడు మీంచి చూసింది. "పై మార్కుల్లో చోటు లేదండీ. తుఫానుకి వదిలేశాం. ఏదో ఒకటి దించాలి."

"మొన్నటిది, భూమి అయస్కాంతం సరిహద్దు దగ్గరి ముక్క దించండి."

"అది మీదే కదండీ. మీ నిటారు గీత. పెద్ద జెట్ ఉందని మొన్నంతా ఎగిరారు."

"ఎగరలేదు. దించండి."

"దించితే అది పోతుంది. సరిగ్గా విన్నానా?"

"చెవులు బాగానే ఉన్నాయి మీకు. దించండి."

అలాంటి ముక్క అతని ఉద్యోగంలో మళ్ళీ వస్తుందో రాదో. గీత గీసినట్టు తెగింది. బోర్డు మీద బొమ్మే ఆకాశంలోకి ఎక్కినట్టుంది. కుర్చీ లాక్కుని కారణం గడిలో రాశాడు. *కల్లోలంలో రీకనెక్షన్ కావచ్చు. నాలుగింటిలోనూ ఉంది. అయాన్లు కదల్లేదు. ముందు వేసిన మార్కు తప్పు. మొదటి బొమ్మ ఒక్కటే చూశాను.* గోడ మీద స్క్రీన్‌లో అక్షరాలు పెద్దవిగా పడ్డాయి. వెనక ఎవరో సన్నగా ఈల వేసి ఆపేశారు.

"మామయ్యా," అంది మేనకోడలు.

"ఇంకా ఏమీ తేలలేదు. ఊరికే నలిగి ఉండొచ్చు," అని లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు సన్నటి నకలు దిగింది. ముందు చూడాల్సింది ఎంపిక డ్యూటీ వాడే, కాబట్టి ముందు అతనే చూశాడు. ముతక నకల్లో ఒక్క చుక్కగా ఉన్న ముల్లు ఇప్పుడు విడివిడిగా విచ్చుకుంది. అయాన్ల గీత అలాగే ఉంది, పక్కన పెళ్ళి ఊరేగింపు పోతున్నా నెమరేస్తున్న గేదెలా. దాని కింద ఎలక్ట్రాన్ల గీత. రెండో ఉపగ్రహంలో అది ఒక దిక్కుకి ఎగిసింది. నాలుగోదాంట్లో సరిగ్గా ఎదురు దిక్కుకి. మధ్యలో రేఖ తెగిన చోటు. అది అటొక విసురు విసిరింది, ఇటొక విసురు విసిరింది. సందేహం లేదు. వెతికినా దొరకలేదు సందేహం.

అతను మేనకోడలికి ఫోన్ చేసి, "రా," అన్నాడు.

ఆమె పరిగెత్తుకొచ్చింది. ఆమె వెనక కుర్రాళ్ళు, వాళ్ళ వెనక పిన్నిగారు. గది నిండింది. మేనకోడలు స్క్రీన్ మీద వేలు పెట్టి, "అటొకటి! ఇటొకటి!" అని అరిచింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. "మామయ్యా, ఈ ఎలక్ట్రాన్ల జెట్లు మళ్ళీ పక్కన చిన్న సుడులు లేపుతున్నాయి చూడు. నువ్వన్నదీ ఉంది ఇందులో. తెగడాలు కల్లోలం లేపుతున్నాయి, కల్లోలం తెగడాలు పుట్టిస్తోంది. ఏది ముందో నాకే తెలీడం లేదు."

"నన్ను బుజ్జగించకు. ఇక్కడ ముందు కల్లోలమే."

గుమ్మం దగ్గర గుంపు పక్కకి జరిగింది. బావమరిది నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు. స్క్రీన్ వైపు చూడలేదు. ఇతని వైపే చూస్తున్నాడు. జుట్టు చాలా నెరిసింది. ఇంత దగ్గర నుంచి చూసి రెండేళ్ళయింది.

"బావా."

గీత మాస్టారు లేచి నిలబడ్డాడు. "నువ్వు ఇన్నాళ్ళూ చెప్పింది నిజం. నేను కాదన్నాను. ఇప్పుడు అవునంటున్నాను. అందరూ వినండి, మళ్ళీ మళ్ళీ చెప్పను."

బావమరిది ద్వారబంధం పట్టుకున్నాడు. "బావా, అక్క ఉంటే ఇవాళ..."

"అక్క పేరు ఎత్తకు."

గీత మాస్టారు కొట్టుకుంటున్న కిటికీ రెక్కని చేత్తో పట్టి ఆపాడు.

"ఇది నిజమన్నానని అది మాఫీ అయిందనుకోకు. నువ్వు రాలేదు. ఆమె తలుపు వైపు చూస్తూ పోయింది. ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు."

కుర్రాళ్ళు ఒక్కొక్కరే బయటికి జారుకున్నారు. పిన్నిగారు జారుకోలేదు. మేనకోడలు నాన్న వైపు ఒకసారి, మామయ్య వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

"రాలేదు," అన్నాడు బావమరిది. "డాక్టరు టైముందన్నాడని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. టైముంటే మాత్రం ఏం? రావాల్సింది. లెక్క వదిలేసి రావాల్సింది."

ఆ మాట కోసం అతను రెండేళ్ళు కాచుకున్నాడు. ఆ మాట వింటే లోపల ఏదో ఒకటి కింద పెట్టొచ్చు, ఒకచోట కూర్చోవచ్చు అనుకున్నాడు. విన్నాడు. ఏదీ కింద పడలేదు. ఎంత బరువుందో అంతే ఉంది. కాళ్ళు అప్పుడే గుమ్మం వైపు లాగుతున్నాయి.

"సరే," అన్నాడు.

"సరే అంటే?"

"సరే అంటే విన్నాను. ఇంకేం లేదు."

"కాసేపు కూర్చో మామయ్యా," అంది మేనకోడలు. "ఇద్దరూ కూర్చోండి. టీ తెస్తాను."

"నీ టీ మీ నాన్నకి ఇవ్వు."

పిన్నిగారు గొంతు సవరించుకుంది. "మీ ఇంటి సంగతి మీరు చూసుకోండి కానీ, తుఫాను ముతక నకలు దిగిందండీ. ఈ వారం ఇంకా మీదే. మార్కులు వెయ్యాలి."

అతను చొక్కా జేబులో కలం సర్దుకుని గుమ్మం వైపు నడిచాడు. బావమరిది పక్కకి తప్పుకున్నాడు. అతను దాటాక, వెనక నుంచి అడిగాడు. "నేను కూడా చూడొచ్చా? తుఫానులో కల్లోలం బాగా ఉంటుంది."

గీత మాస్టారు తిరగలేదు. "ఆఫీసు నీది కూడా. చూడు. నాతో మాట్లాడకు."

కంట్రోల్ రూమ్‌లో అతను స్క్రీన్ ముందు నిలబడ్డాడు. బావమరిది వచ్చి, నాలుగు కుర్చీల అవతల నిలబడ్డాడు. తుఫాను గీతలు ఒక్కొక్కటే పడుతున్నాయి. అన్నీ చిందరవందరగా ఉన్నాయి. ఎక్కడ తెగిందో, ఎక్కడ తెగలేదో ఇద్దరికీ తెలియదు.